వెలుగు నడిచే చివరి అంగుళం

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల మీద, మెడికల్ బిల్లుల మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. ఈ ఏడు కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మాస్టారూ, మీరు సైన్సు చెప్పినవారు కదా, మనవాళ్ల ఆరోగ్యానికి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పండి" అన్నారు. నేను 31 ఏళ్లు హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పాను. ఏటా ఒకసారి నల్లబల్ల మీద కంటి బొమ్మ గీసి, ఎడమ పక్క నుంచి ఒక బాణం గీసి, వెలుగు ఏయే భాగాల గుండా పోతుందో చెప్పేవాణ్ణి. "ఇది పరీక్షలో తప్పకుండా వస్తుంది, భాగాలు గుర్తించండి" అని పిల్లల్ని హెచ్చరించేవాణ్ణి. ఆ పాఠమే ఈ రోజు మీకూ చెబుతాను. అయితే ఆ పరీక్షలో నేనే ఎలా తప్పానో కూడా చెబుతాను. అది చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటాం. ఎదురుగా జామచెట్టు ఉంటుంది. సూర్యుడి దగ్గర బయలుదేరిన వెలుగు 15 కోట్ల కిలోమీటర్లు ప్రయాణం చేసి, 8 నిమిషాల 20 సెకన్లలో ఆ జామ ఆకు మీద పడుతుంది. అక్కణ్ణించి మన కంటికి వస్తుంది. అంత దూరం వచ్చిన వెలుగుకి ఇక మిగిలిన దారి మన కనుగుడ్డు ముందు నుంచి వెనక వరకే. అది సుమారు 24 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కాస్త తక్కువ. దాన్ని దాటడానికి వెలుగుకి పట్టే కాలం సెకనులో వెయ్యికోట్లో వంతు. మన వయసువారికి చూపులో వచ్చే చిక్కులు చాలావరకు ఆ చివరి అంగుళంలోనే ఉన్నాయి.

మనమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం కాబట్టి ఒక పోలిక చెబుతాను. వెలుగు మన కంట్లోకి వచ్చిన ఫైలు అనుకోండి. ఇన్‌వార్డు నుంచి డిస్పాచ్ వరకు అది ఎన్నో సీట్లు దాటాలి. ఏ సీటు దగ్గర ఆగినా పని కాదు. మన పెన్షన్ కాగితాలు తిరిగిన తిరుగుడు మనకు తెలియంది కాదు గదా!

మొదటి సీటు కార్నియా. కంటి నల్లగుడ్డు మీద గడియారానికి అద్దంలాగా అమరి ఉండే పారదర్శకమైన పొర ఇది. దీని మందం నడిమధ్యలో సుమారు అర మిల్లీమీటరు. మన ఒంట్లో దాదాపు ప్రతి చోటికీ రక్తనాళాలు పోతాయి. కార్నియాలోకి మాత్రం పోవు. రక్తం పారితే వెలుగుకి అడ్డం వస్తుంది కాబట్టి ప్రకృతి ఈ ఏర్పాటు చేసింది. కార్నియా తనకు కావలసిన ప్రాణవాయువును ముందున్న కన్నీటి పొర ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. అందుకే రెప్పలు కొడుతూ, ఆ తడి ఆరకుండా చూసుకోవాలి.

కంట్లో వెలుగును వంచేది కటకమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి మొత్తం వంపులో దాదాపు మూడింట రెండు వంతులు కార్నియా దగ్గరే అయిపోతుంది. చిన్నప్పుడు దిగుడుబావిలో ఈత కొడుతూ నీళ్లలో కళ్లు తెరిచిన వాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. అంతా మసకగా కనిపించేది కదూ? గాలిలోంచి కార్నియాలోకి వచ్చేటప్పుడు వెలుగు బాగా వంగుతుంది. నీళ్లలోంచి వచ్చేటప్పుడు అంతగా వంగదు. మొదటి సీటు పని చేయకపోతే ఏమవుతుందో ఆ బావిలోనే మనం చూశాం.

కార్నియా దాటగానే ఒక చిన్న నీటి గది. ఇందులోని పలచని ద్రవాన్ని మా పుస్తకాల్లో నేత్రోదకం అనేవారు. రక్తం అందని కార్నియాకూ కటకానికీ ఆహారం మోసేది ఇదే. ఇది నిలవ నీరు కాదు. ఒక పక్క ఊరుతుంది, ఇంకో పక్క సన్నని జల్లెడ లాంటి దారిలో బయటికి పోతుంది. గంటన్నర, రెండు గంటల్లో గదిలో నీరంతా మారిపోతుంది. ఊరేదీ పోయేదీ సమానంగా ఉన్నంతకాలం కంటి ఒత్తిడి మామూలుగా ఉంటుంది. పాదరసం లెక్కలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సాధారణమని అంటారు. తూము పూడితే ఒత్తిడి పెరుగుతుంది. ఈ తూము మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

తరవాత ఐరిస్, దాని నడుమ కంటిపాప. కంటిపాప అనేది వస్తువు కాదు, రంధ్రం. ఎండలో సుమారు 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకట్లో పడుచువాళ్లకు 7, 8 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. వయసు మీద పడేకొద్దీ అంతగా విచ్చుకోదు. దీనికి తోడు వెనకున్న కటకం పచ్చబడుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడి కంటి వెనక్కి చేరే వెలుగులో అరవై ఏళ్లవాడికి చేరేది మూడో వంతేనని ఒక అంచనా. కాబట్టి, "ఇంత వెలుతురుంటే చాలదా తాతయ్యా" అని మనవడు అంటే, చాలదనే చెప్పండి. రాత్రిపూట బాత్‌రూముకి వెళ్లే దారిలో మంచి దీపం పెట్టించుకోండి. కరెంటు బిల్లు తుంటి ఎముక ఆపరేషన్ కన్నా చవక.

ఇక కటకం. గోళీబిళ్లలాగా రెండు వైపులా ఉబ్బి, సన్నని దారాలతో వేలాడుతూ ఉంటుంది. దూరం చూసేటప్పుడు పలచబడుతుంది, దగ్గర చూసేటప్పుడు లావెక్కుతుంది. కటకంలో పుట్టిన కణాలు చర్మంలాగా రాలిపోవు. ఉల్లిపొరల్లాగా జీవితాంతం ఒకదాని మీద ఒకటి చేరుతూనే ఉంటాయి. అందుకే నలభై దాటేసరికి అది బిరుసెక్కి, లావెక్కలేకపోతుంది. పేపరును చేయి చాచి పట్టుకోవలసి వస్తుంది. దీనికి మన పెద్దలు నలభైని గుర్తుచేసే చత్వారం అనే పేరే వాడారు. డాక్టరు చెప్పక ముందే మన భాష వయసు చెప్పేసింది!

ఆ కటకమే ఇంకా ముదిరి మసకబారితే శుక్లం. మా ఆవిడకు 68వ ఏట వచ్చింది. నల్లదారం, నీలం దారం తేడా తెలియక ఒక జాకెట్టుకి రెండు రంగుల దారంతో గుండీలు కుట్టింది. పచ్చబడిన కటకం నీలాన్ని మింగేస్తుందని నాకు తెలుసు కాబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆపరేషన్ అయిన మూడోనాడు వంటింట్లోకి వెళ్లి, పైకి చూసి, "ఏమండీ, ఇన్నాళ్లూ ఈ మసి కింద కూర్చునే వండానా?" అంది. ఆ వారమే సున్నం వేయించాల్సి వచ్చింది.

మన చిన్నతనంలో శుక్లం తీయించుకున్నవారు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకొని తడుముకుంటూ నడిచేవారు. కటకం తీసేసేవారు కానీ దాని స్థానంలో ఏదీ పెట్టేవారు కాదు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన విమాన చోదకుల కళ్లు పరీక్షించేవారు. విమానం కిటికీకి వాడిన పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ ముక్కలు కొందరి కళ్లలో చిక్కుకుపోయినా, కన్ను వాటిని తిరస్కరించకుండా ఊరుకోవడం ఆయన గమనించారు. అదే రకం పదార్థంతో కటకం చేయించి, 1949 నవంబరు 29న మొదటిసారిగా ఒక రోగి కంట్లో అమర్చారు. తోటి డాక్టర్లు చాలా ఏళ్లు ఆయన్ని తప్పుపట్టారు. చివరికి ముసలితనంలో ఆయనకే శుక్లాలు వస్తే, తాను కనిపెట్టిన పద్ధతిలోనే రెండు కళ్లకూ కటకాలు పెట్టించుకున్నారు. ఈ రోజు మన ఊళ్లలో క్యాంపులో ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికి వస్తున్నామంటే, ఆ ప్లాస్టిక్ ముక్క చలవే.

కటకం దాటితే మిగిలిన గదంతా గుడ్డులోని తెల్లసొన లాంటి జిగురు పదార్థం. అందులో 99 పాళ్లు నీరే. వయసుతో అది కొంచెం కరిగి, లోపల నలుసులు తేలతాయి. గోడ వైపు చూస్తే ఈగలు, వెంట్రుకలు కదిలినట్టుంటాయి. అవి మామూలుగా భయపడవలసినవి కావు. కానీ ఒక్కసారిగా నలుసులు గుంపుగా వచ్చినా, మెరుపులు మెరిసినట్టున్నా, ఒక పక్క తెర దించినట్టున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. వెనకున్న రెటీనా చిరుగుతూ ఉండవచ్చు. సోమవారం వెళదాం అనుకోకూడదు.

రెటీనా మా పాఠంలో తెర. దాని మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని కెప్లర్ 1604లో లెక్క వేసి వివరించాడు. అక్కడ మసక వెలుగులో పనిచేసే దండాలు సుమారు 12 కోట్లు, రంగులు చూసే శంకువులు సుమారు 60 లక్షలు ఉంటాయి. వెలుగు వెలుగుగా ఉండేది ఇక్కడివరకే. ఇక్కణ్ణించి అది విద్యుత్ సంకేతంగా మారి, పది లక్షలకు పైగా పోగులున్న దృక్ నాడి గుండా మెదడుకి పోతుంది. షుగరు ఉన్నవారికి ఈ రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. మొదట్లో చూపు బాగానే ఉంటుంది కాబట్టి తెలియదు. షుగరు ఉన్నవారు ఏడాదికొకసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకొని రెటీనా చూపించుకోవాలి.

ఇప్పుడు మీరందరూ నాతోపాటు ఒక చిన్న ప్రయోగం చేయాలి. రెండు చేతులూ ముందుకి చాచి బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టండి. ఎడమ కన్ను మూయండి. కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూడండి, చూపు కదపవద్దు. ఇప్పుడు కుడి బొటనవేలిని మెల్లగా కుడి పక్కకి జరపండి. జానెడు లోపే ఒకచోట ఆ వేలి కొస మాయమవుతుంది. ఇంకాస్త జరిపితే మళ్లీ వస్తుంది.

మాయమైంది కదా! నాడి కంట్లోంచి బయటికి పోయే చోట దండాలూ శంకువులూ ఉండవు. దాన్నే అంధచుక్క అంటారు. మరి ఇన్నేళ్లుగా మనకు లోకంలో రంధ్రం ఎందుకు కనబడలేదు? రెండో కన్ను ఆ లోటు పూడుస్తుంది. ఒక కన్ను మూసినా, మెదడు చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి ఖాళీని నింపేస్తుంది. ఖాళీ ఉన్న చోట నలుపు కూడా కనపడదు. లేనిది లేదని తెలియకపోవడమే అసలు సంగతి. ఈ ప్రయోగం నేను 31 ఏళ్లు పిల్లల చేత చేయించి చప్పట్లు కొట్టించుకున్నాను. దాని అర్థం మాత్రం నాకు 66వ ఏట తెలిసింది.

ఆ ఏడాది నేను ఎడమ పక్కనున్న కాఫీ గ్లాసు తరచు తన్నేసేవాణ్ణి. "పరధ్యానం ఎక్కువైంది" అని ఇంట్లో నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. భోగి నాడు తలంటి పోసుకుంటుంటే కుంకుడు రసం కుడి కంట్లో పడింది. ఆ కన్ను మూసుకొని ఎడమ కంటితో తువ్వాలు కోసం చూశాను. ఎదురుగా ఉన్న కుళాయి ఒక్కటే కనిపించింది. చుట్టూ ఏదీ లేదు. వేణ్ణీళ్ల ఆవిరి అనుకున్నాను. ఒళ్లు తుడుచుకొని హాల్లోకి వచ్చి, కుడి కన్ను చేత్తో మూసి గోడ మీది క్యాలెండరు చూశాను. తేదీ కనపడింది, నెల కనపడలేదు.

అది గ్లకోమా. మన పల్లెల్లో నీటికాసులు అంటారు. ఇందాక తూము అన్నాను చూడండి, నీరు పోయే దారి సరిగా లేక ఒత్తిడి పెరిగి, వెనకున్న దృక్ నాడి పోగులు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. నొప్పి ఉండదు, ఎర్రబడదు. మొదట పక్కచూపు పోతుంది, నడిమి చూపు చివరి దాకా ఉంటుంది. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా నాడి దెబ్బతింటుంది. అందుకే ఒత్తిడి కొలిస్తే సరిపోదు, నాడిని కూడా చూడాలి. ఇంకో రకంలో మాత్రం ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, దీపం చుట్టూ రంగుల వలయాలు, వాంతులు వస్తాయి. అది అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తవలసిన సంగతి.

నాకు జరిగిన దానికి ఎవరినీ అనవలసిన పని లేదు. రెండేళ్లకొకసారి కళ్లద్దాల షాపుకి వెళ్లి నంబరు చూపించుకునేవాణ్ణి. చివరి వరుస చదివేసి, మా ఇంట్లో అందరికన్నా నా చూపే బాగుందని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. అంటే, ఉన్నన్నాళ్లు ఉండే నడిమి చూపునే పరీక్ష చేయించుకుంటూ వచ్చానన్నమాట. అంతకు ఆరేళ్ల ముందే మా అన్నయ్య కళ్లలో చుక్కలు వేసుకుంటూ, "ఒరేయ్, ఇది అన్నదమ్ములకు కూడా వస్తుందట, నువ్వూ ఒకసారి చూపించుకో" అన్నాడు. "నాకేం, ఆరుకి ఆరు కనపడుతోంది" అన్నాను. ఆ ఆరేళ్లే నాకు లేకుండా పోయాయి.

కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి, "మాస్టారూ, పోయిన చూపు నేను తీసుకురాలేను. మిగిలింది కాపాడగలను" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతూనే ఉంది. ముందున్న సీట్లలో చాలా చిక్కులకు విరుగుడు ఉంది. చత్వారానికి అద్దాలున్నాయి, శుక్లానికి కొత్త కటకం ఉంది. కార్నియా చెడితే ఇంకొకరి కార్నియా అతికిస్తారు. చచ్చిపోయిన నాడి పోగును బతికించే మార్గం మాత్రం ఇంతవరకు రాలేదు. ఫైలు అన్ని సీట్లూ సక్రమంగా దాటి డిస్పాచ్‌లో పోయినట్టు! పదేళ్లుగా రోజూ రాత్రి చుక్కలు వేసుకుంటున్నాను. కుడి కన్ను నిలబడింది. ఆ కంటితోనే ఈ కాగితం చదువుతున్నాను.

ఇది నా ఒక్కడి కథ కాదు. 1996 నుంచి 2000 వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పెద్ద కంటి సర్వేలో గ్లకోమా బయటపడినవారిలో చాలామందికి, అది తమకున్నట్టు అంతవరకు తెలియదు. తరవాత 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కంటివెలుగు పేరుతో ప్రభుత్వాలు ఊరూరా పరీక్షలు పెట్టాయి. అటువంటివి వచ్చినప్పుడు వెళ్లడం మంచిదే. కానీ క్యాంపు వచ్చేదాకా ఆగవద్దు.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. బతికే ఉన్నామని రుజువు చేసుకుంటాం. ఆ నెలలోనే కళ్లకి కూడా ఒక సర్టిఫికెట్ తెచ్చుకోండి. డాక్టరుని నాలుగు సంగతులు అడగండి. ఒత్తిడి ఎంత? కటకం ఎలా ఉంది? కంటిపాప పెద్దది చేసి రెటీనా, నాడి చూశారా? అనుమానముంటే పక్కచూపు పరీక్ష, అంటే ఫీల్డ్ టెస్టు చేస్తారా? ఆ చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, తోడు మనిషిని తీసుకెళ్లండి. మీకు గ్లకోమా ఉంటే మీ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి, పిల్లలకి ఫోన్ చేసి చెప్పండి. ఒక్కసారి చెప్పి ఊరుకోవద్దు. వాళ్లు నాలాంటివాళ్లయితే రెండోసారీ మూడోసారీ చెప్పండి.

చివరగా ఒక్క మాట. కిందటేడు డాక్టరు పరీక్ష చేస్తూ, "మీ నాడి సంగతి ఎలా ఉన్నా, కార్నియాలు మాత్రం అద్దంలా ఉన్నాయి" అన్నారు. ఇంటికొచ్చి ఆలోచించాను. చివరి సీటు దగ్గర నా ఎడమ కన్ను ఆగిపోయింది. మొదటి సీటు ఇంకా బాగుంది. మొదటి సీటు మూతపడి, వెనక అన్నీ బాగున్నవాళ్లు ఎక్కడో ఉంటారు గదా! అతికించిన కార్నియాతో చూపు వచ్చిన మొదటి మనిషికి ఆ ఆపరేషన్ 1905లోనే జరిగింది. అదేమీ కొత్త విద్య కాదు. కళ్లద్దాలున్నా, శుక్లం ఆపరేషన్ అయినా, షుగరు ఉన్నా, గ్లకోమా ఉన్నా కార్నియా బాగుంటే ఇవ్వవచ్చు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపల తీసుకోవాలి. ఆ పనికి ఇరవై నిమిషాలు చాలు, ముఖం వికారం కాదు. వాళ్లు వచ్చేలోగా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఉంచాలి.

నేను కాగితం మీద సంతకం చేశాను. కానీ సంతకం నాదైనా ఆ రోజు ఫోన్ చేయవలసింది ఇంట్లోవాళ్లే. అందుకే ఈ సభకి కుటుంబాలతో రమ్మని కార్యదర్శి గారిని పట్టుబట్టాను. మా అమ్మాయి మొదట, "ఇప్పుడెందుకు నాన్నా ఈ మాటలు" అంది. మర్నాడు పొద్దున చూస్తే కంటి బ్యాంకు ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించి ఉంది. నా కుడి కంటికి కనపడేంత పెద్ద అక్షరాలు.

 ఇంటికి వెళ్లాక ఒక కన్ను చేత్తో మూసుకొని గోడ మీది క్యాలెండరు చూడండి. తరవాత రెండోది. అది డాక్టరు పరీక్షకు బదులు కాదు, బయలుదేరడానికి ఒక గుర్తు మాత్రమే. తేదీతోపాటు నెలంతా కనపడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.